ఇరవై నాలుగు అంగుళాల మగ్గం మీద నలభై అంగుళాల గుడ్డ

గత ఆగస్టులో బెంగళూరులోని ఒక చిన్న వర్క్‌షాపు నుంచి 24 అంగుళాల రిజిడ్ హెడిల్ మగ్గం తెప్పించుకున్నాను. నూలు పోగులను ఎత్తి దించే దువ్వెన లాంటి పలకే హెడిల్. రెండో హెడిల్, దాన్ని నిలిపే అదనపు గాడి దిమ్మెలు, కర్నూలు దాకా రవాణా, అన్నీ కలిపి 22,400 రూపాయలయింది. ఎనిమిది నెలలుగా దాని మీద ముఖ్యంగా ఒక్క పనే చేస్తున్నాను. అది రెండు పొరల నేత, అంటే ఒకే పడుగు (మగ్గానికి నిలువునా బిగించే పోగులు) మీద, ఒకదాని కింద ఒకటిగా, రెండు గుడ్డలను ఒకేసారి నేయడం. ఒక పొరతో తువాళ్ళు నేయడానికి ఈ మగ్గం బాగానే ఉంటుంది, అందులో చెప్పుకోవలసిన విశేషమేమీ లేదు. వర్క్‌షాపు పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాల్లో పెద్దదాన్ని వాళ్ళు సరిదిద్దారు, మిగిలినవి ఈ తరహా మగ్గాలకు కొద్దో గొప్పో ఉండేవే.

నా పుట్టిల్లు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘం నీడన బతికిన ఎన్నో ఇళ్ళలో మాదీ ఒకటి. మా నాయన గుంట మగ్గం మీద దుప్పట్లు నేసేవాడు, నేను పదో తరగతి దాకా కండెలు చుట్టాను, మగ్గంలో మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు కర్నూలులో రెండో అంతస్తులో ఉంటున్నాను గనుక గుంట తవ్వే మాటే లేదు. బల్లకు బిగించుకుని నేసే మగ్గం కోసం వెతుకుతుంటే అమ్మేవాళ్ళ వివరాల్లో ఒక వాక్యం నన్ను పట్టుకుంది. రెండో హెడిల్ కొనుక్కుంటే 24 అంగుళాల మగ్గం మీద 48 అంగుళాల గుడ్డ నేయవచ్చని అందులో ఉంది. వెడల్పాటి దుప్పటి కావాలంటే వెడల్పాటి మగ్గమే కావాలని, లేదంటే రెండు బద్దలు నేసి నడిమధ్య కుట్టుకోవాలని చూస్తూ పెరిగినదాన్ని. మా చిన్నాయనకు ఫోన్ చేసి అడిగితే, "మగ్గమెంతో గుడ్డంత పాపా. అంతకన్నా ఎక్కువొస్తాదని చెప్పేటోడు నేసేటోడు కాదు, అమ్ముకునేటోడు" అన్నాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చుకోవడానికే సగం ఈ మగ్గం కొన్నానని చెప్పాలి.

గుంట మగ్గం తెలిసినవారికి ఈ మగ్గం మొదట బొమ్మలా కనిపిస్తుంది. అక్కడ పోగులను ఎత్తి దించేది ఒకటి, అడ్డంగా వేసే పోగును, అంటే పేకను, కొట్టే అచ్చు వేరొకటి. ఇక్కడ ఆ రెండు పనులనూ ఒకే పలక చేస్తుంది, దాన్నే రిజిడ్ హెడిల్ అంటారు. దువ్వెనలా వరుసగా చీలికలు ఉంటాయి, రెండు చీలికల మధ్యనున్న ప్రతి పుల్లకూ నడుమ ఒక కన్ను ఉంటుంది. కంట్లో ఒక పోగు, చీలికలో ఒక పోగు చొప్పున ఎక్కిస్తే, పలకను ఎత్తినప్పుడు కంట్లో పోగులు లేస్తాయి, దించినప్పుడు దిగుతాయి, చీలికలో పోగులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. సాదా నేతకు ఈ రెండు కదలికలు చాలు. కాళ్ళతో తొక్కే పని లేదు. రెండు పొరలకు మాత్రం నాలుగు రకాలుగా పడుగు నోరు తెరుచుకోవాలి, అంటే పేక దూరేలా పోగులు పైకీ కిందికీ విడిపోవాలి, అందుకే రెండో హెడిల్, రెండు చెక్క పుల్లలు అవసరమవుతాయి.

పడుగు ఎక్కించడమే ఇందులో అసలు కష్టం, అమ్మేవాళ్ళు చెప్పనిదీ అదే. అంగుళానికి పది పోగులు పట్టే హెడిళ్ళు నావి. 22 అంగుళాల వెడల్పులో ఒక్కో పొరకు 220 చొప్పున మొత్తం 440 పోగులు ఎక్కించాను. నాలుగేసి పోగులను ఒక జట్టు అనుకోవాలి. వాటిలో ఒకటి ముందు హెడిల్ కంట్లోంచి వెళ్ళి వెనుక హెడిల్ చీలికలో పడుతుంది. ఒకటి వెనుక హెడిల్ కంట్లోంచి వచ్చి ముందు హెడిల్ చీలికలో పడుతుంది. మిగిలిన రెండూ ఏ కంట్లోనూ పడకుండా రెండు హెడిళ్ళ చీలికల గుండా సాగిపోతాయి. అంటే ప్రతి చీలికలోనూ మూడు పోగులు ఇరుక్కుని ఉంటాయి. పై పొరకు గంధం రంగు, కింది పొరకు నేరేడు రంగు వాడాను గనుక తప్పు పడితే కంటికి తెలిసేది. రెండూ ఒకే రంగయితే నేను ఈపాటికి మగ్గాన్ని అటక ఎక్కించి ఉండేదాన్ని. మొదటిసారి ఎక్కించడానికి మూడు సాయంత్రాలు పట్టింది, నాలుగో సాయంత్రం తప్పులు దిద్దడానికి సరిపోయింది.

ఆ దిద్దుబాటులోనే పెద్ద లోపం బయటపడింది. ఎడమ అంచు నుంచి మధ్య దాకా పోగులన్నీ తిన్నగా ఉన్నాయి, కుడి అంచుకు వచ్చేకొద్దీ రెండు హెడిళ్ళ మధ్య ఏటవాలుగా సాగుతూ చీలిక గోడలను ఒరుసుకుంటున్నాయి. నేనే ఎక్కడో ఒక చీలిక దాటేశానేమోనని రెండుసార్లు లెక్కపెట్టాను. లెక్క సరిగానే ఉంది. పడుగంతా తీసేసి రెండు హెడిళ్ళనూ ఒకదానిపై ఒకటి పెట్టి చూస్తే ఎడమ చివర కళ్ళు కలిశాయి, కుడి చివర మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. రెండిటి మీదా పది అనే అంకె ఉన్నా, తయారు చేసిన విడత వేరై ఉంటుంది. ఒక పొర నేసుకునేవారికి ఈ తేడా జన్మలో తెలియదు, రెండు పొరలకు మాత్రం ఇది కుదరదు, ఎందుకంటే ఒరుసుకునే పోగు రెండు రోజుల్లో నూగు తేలి తెగుతుంది. ఫొటో పంపితే వాదించకుండా మార్చి ఇచ్చారు, కాకపోతే మూడు వారాలు పట్టింది. 440 పోగులూ మళ్ళీ ఎక్కించిన శ్రమను ఎవరి ఖాతాలో రాయాలో తెలియలేదు.

ఇక నేత. ముందు హెడిల్ ఎత్తితే పై పొరకు మొదటి నోరు, వెనుక హెడిల్ దించితే కింది పొరకు మొదటి నోరు వస్తాయి. హెడిళ్ళ వెనుక దూర్చి ఉంచిన మొదటి పుల్లను ముందుకు తెస్తే పై పొర చీలిక పోగులు లేచి దాని రెండో నోరు తెరుచుకుంటుంది. రెండో పుల్ల కింది పొర చీలిక పోగులను అణిచి దాని రెండో నోరు తెరుస్తుంది. ఈ నాలుగు కదలికలే అన్నిటికీ మూలం, వాటి వరుస మారిస్తే గుడ్డే మారిపోతుంది. పేక నూలు చుట్టిన ఒకే నాడెతో పైన, కింద, పైన, కింద అని తిప్పుకుంటూ పోతే రెండు అంచులూ మూసుకుని గొట్టంలా వస్తుంది, దాంతో పక్క కుట్లు లేని సంచి తయారవుతుంది. పైన, కింద, కింద, పైన అని నేస్తే ఒక అంచు మాత్రమే మూసుకుంటుంది. మగ్గం మీంచి తీసి విప్పితే, పుస్తకం తెరిచినట్టు, రెండింతల వెడల్పు గుడ్డ. రెండు నాడెలతో ఏ పొరకు ఆ పొర నేస్తే రెండు విడి గుడ్డలు.

నేను మొదట వేసింది రెండింతల వెడల్పు గుడ్డే. మగ్గం మీద లెక్క ప్రకారం 44 అంగుళాలు రావాలి. తీసి పరిచాక 42, ఉతికి ఆరేశాక 40న్నర తేలింది. హెడిల్ నిండా 24 అంగుళాలూ పడుగు వేసినా 48 రాదు, అంచుల లాగుడుకు, ఉతుకుడుకు నాలుగంగుళాల దాకా పోతుంది. అయినా కుట్టు లేకుండా నలభై అంగుళాల గుడ్డ ఈ బల్ల మీదనే వచ్చిందన్నది నిజం. జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఎమ్మిగనూరు వెళ్ళినప్పుడు దాన్ని చిన్నాయన చేతికిచ్చాను. ఆయన కుట్టు కోసం తిరగేసి చూశాడు, దొరకలేదు. తర్వాత కళ్ళజోడు తీసేసి బొటనవేలి గోటితో గుడ్డకు అడ్డంగా గీసుకుంటూ వచ్చి సరిగ్గా మధ్యలో ఆగాడు. "ఈడ పడుగు బిగిసింది" అన్నాడు. మడత పడిన చోట పేక లాగడం వల్ల పోగులు దగ్గరకు చేరి, అర అంగుళం మేర చిక్కటి చార ఏర్పడింది. నాకు అంతవరకు అది కనపడలేదు, ఆ తర్వాత నుంచి అదొక్కటే కనపడుతోంది. గుడ్డ గంటకు ఎంత వస్తుందని ఆయన అడిగితే చెప్పడానికి సిగ్గనిపించి మాట మార్చాను.

రెండో గుడ్డకు మడత వైపు చివరి రెండు పోగులు తీసేసి, వాటి బదులు గాలానికి వాడే నైలాన్ తీగ ఒకటి కట్టాను. పేక ఆ తీగను చుట్టుకుని తిరుగుతుంది గనుక పోగులు లోపలికి ముడుచుకోవు, నేత అయ్యాక తీగను లాగేస్తే సరి. చార పూర్తిగా పోలేదు గాని, వెతికితే తప్ప తెలియనంతకు తగ్గింది.

మగ్గంలో మరో ఇబ్బంది, కింది పొర కనపడకపోవడం. పై పొర చక్కగా వస్తోందని మురిసిపోతూ నేసుకుంటూ పోతే, కింద ఒక పోగు తప్పి పై పొరతో కలిసిపోయిన సంగతి గుడ్డ కోసి విప్పేదాకా తెలియదు. నా మొదటి గుడ్డలో మూడు చోట్ల పొరలు అతుక్కుని ఉంటే సూదితో ఒక్కో పోగూ తప్పించుకోవలసి వచ్చింది. ఇప్పుడు మగ్గం కింద బల్ల మీద గుండ్రటి అద్దం ఒకటి పెట్టుకుని, ప్రతి రెండు అంగుళాలకూ ఒకసారి రెండు పొరల మధ్య స్కేలు దూర్చి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా లాగుతున్నాను. స్కేలు ఎక్కడ ఆగితే అక్కడ తప్పున్నట్టు. రెండో పుల్లతో తెరుచుకునే నోరు మరీ ఇరుకు, వేలెడు కూడా ఉండదు. మగ్గం నిడివి తక్కువ కావడం వల్ల వచ్చే చిక్కు అది. చెక్క నాడె మీద నూలు లావుగా చుడితే అందులో దూరదు, పలచగా చుడితే పది పేకలకొకసారి అయిపోతుంది. నేను పలచగానే చుడుతున్నాను.

నూలు విషయంలో నేను చేసిన తప్పు మరొకరు చేయకూడదని కాస్త వివరంగా చెబుతాను. చిన్నాయన ఇచ్చిన 2/20 నంబరు (ఇరవై నంబరు పోగులు రెండు పేనిన) నూలు చిలపలు ఇంట్లో ఉన్నాయి. ఈ హెడిళ్ళకు ఆ పోగు బాగా సన్నం గనుక నాలుగేసి పోగులను కలిపి, పురి పెట్టకుండా, ఒకటిగా వాడాను. సాదా నేతలో అది ఏ ఇబ్బందీ పెట్టదు. రెండు పొరల్లో మాత్రం పుల్లతో పోగులు ఏరేటప్పుడు ఆ నాలుగింటి మధ్యలోకే పుల్ల దూరి, రెండు పైకి, రెండు కిందికి చీలిపోతాయి. మూడేసి పోగులున్న చీలికల్లోనయితే నూగు నూగుతో పెనవేసుకుని నోరే తెరుచుకోదు. మార్చి ఎండలు మొదలయ్యాక గాలిలో తేమ పోయి ఈ పెనుగులాట ఇంకా ఎక్కువైంది. గుంట మగ్గం నేలలోకి దిగి ఉండడం వల్ల పడుగుకు దక్కే చలువ విలువ రెండో అంతస్తులో కూర్చుని నేసినప్పుడే తెలిసింది. అవే చిలపలకు గట్టిగా పురి పెట్టించి, పలచటి గంజి పట్టించి ఎక్కించాక సగం బాధ తీరింది. కొనేవారయితే గట్టి పురి ఉన్న, మెర్సరైజ్ చేసిన (కాస్టిక్ సోడాతో నునుపు తెచ్చిన) నూలు కొనడం మేలు.

ఇన్ని చెప్పి కూడా ఈ మగ్గాన్ని అమ్మేయకపోవడానికి కారణం బొమ్మల నేత. రెండు పొరలూ రెండు రంగులైనప్పుడు, మనకు కావలసిన చోట కింది పొరను పైకి, పై పొరను కిందికి మార్చవచ్చు. గంధం రంగు నేల మీద నేరేడు బొమ్మ తేలుతుంది, గుడ్డ తిరగేస్తే నేరేడు నేల మీద గంధం బొమ్మ ఉంటుంది. వెనుక వేలాడే పోగు ఒక్కటి ఉండదు, ఏది మొఖమో ఏది వెనుకో చెప్పలేం. బొమ్మ అంచు దగ్గర మాత్రమే పొరలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి, మిగిలినచోట్ల గుడ్డ రెండు పొరలుగానే ఉంటుంది గనుక, రెండు వేళ్ళతో పట్టుకుంటే బొమ్మ లోపల గాలి ఉన్నట్టు మెత్తగా కదులుతుంది. పెరూలో స్పానిష్ వాళ్ళు అడుగుపెట్టకముందే ఇలాంటి గుడ్డలు నేశారు, ఫిన్లాండ్‌లో ఇది ఒక సంప్రదాయం. మన ఉపఖండంలో పంజాబు, సింధు ప్రాంతాల ఖేస్ దుప్పట్లలోనూ రెండు పొరల నేత ఉంది.

నేను ఎంచుకున్నది చీరల అంచుల్లో ఉండే గుడి బొమ్మ. మెట్లు మెట్లుగా పైకి సన్నబడుతుంది గనుక గళ్ళ కాగితం మీద ఇమిడిపోతుంది. ఎనిమిది అంగుళాల వెడల్పులో పొరకు 80 పోగులు వస్తాయి, రెండేసి పోగులకు ఒక గడి చొప్పున నలభై గళ్ళు. ఒక్కో గడి వరుసకు నాలుగు పేకలు పడతాయి, లేత రంగు రెండు, ముదురు రంగు రెండు. ముందు ముదురు పోగులన్నిటినీ పైకి తెచ్చి, గుడి బొమ్మలో నిండే గళ్ళ దగ్గరి పోగులను మాత్రం పుల్ల మీదికి ఏరుకుని, తక్కినవాటిని దిగనివ్వాలి. ఆ పుల్లను హెడిళ్ళ ముందు అలాగే ఉంచి లేత పేకలు రెండూ వేయాలి. తర్వాత లేత పోగులను పైకి తెచ్చి, ఈసారి బొమ్మ బయటి నేల దగ్గరివి ఏరుకుని, ముదురు పేకలు రెండూ వేయాలి. లేత పోగులను లేపడానికి ముందు హెడిల్, మొదటి పుల్ల చాలు. ముదురు పోగుల దగ్గర మాత్రం వెనుక హెడిల్ ఎత్తితే సగమే లేస్తాయి, మిగిలిన సగం చేత్తో ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. అందుకే బొమ్మ నేసేటప్పుడు టీవీ, ఫోను, పొయ్యి మీద పాలు, ఏదీ కుదరదు.

గంటకు ఐదారు వరుసలు, అంటే అంగుళం. పదహారు అంగుళాల ముక్కకు దాదాపు పద్దెనిమిది గంటలు పట్టాయి. మొదటి గుడి శిఖరం ఒక గడి పక్కకు ఒరిగింది. ఏడో వరుసలో తప్పు ఏరి, తొమ్మిదో వరుసలో గమనించి, విప్పడానికి మనసు రాక వదిలేశాను. రెండో గుడి తిన్నగా వచ్చింది. మా పాప రెండూ చూసి ఒరిగినదే బాగుందంటుంది. ఈ ముక్కకు ఎవరైనా ధర అడిగితే చెప్పగలిగే అంకె నా దగ్గర లేదు. బతుకుతెరువుగా చేసే నేత ఇది కాదని చిన్నాయనకు చెప్పకుండానే అర్థమైంది.

చిన్నాచితకా సంగతులు కొన్ని ఉన్నాయి. పడుగు బిగువును నిలిపే చెక్క పళ్ళ చక్రం ఎండాకాలంలో కాస్త వదులై, గట్టిగా పేక కొట్టినప్పుడు ఒక పన్ను జారుతోంది. మేకు దగ్గర గుడ్డ పీలిక చుడితే ఆగింది. ఇచ్చిన చిన్న పుస్తకంలో సాదా నేత తప్ప రెండో హెడిల్ ఊసే లేదు. రెండో హెడిల్‌ను విడిగా అమ్ముతూ దాన్ని ఎక్కించే పద్ధతి చెప్పకపోవడం నాకు నచ్చలేదు. చెక్క పని మాత్రం శుభ్రంగా ఉంది, పోగు తగిలే చోట ఎక్కడా గరుకు లేదు. ప్రతి పడుగులోనూ చివరి ఇరవై అంగుళాల దాకా నేయడానికి వీల్లేక మిగిలిపోతుంది. మా ఇళ్ళలో పాత పడుగు కొసలకు కొత్త పడుగును అతుకుతారు గనుక ఇంత పారేయడం కనిపించదు. ఇక్కడా అతికి చూశాను. ముడి వేస్తే కంట్లో ఇరుక్కుంది, ముడి లేకుండా పురి తిప్పి అతికితే దాటింది. 440 అతుకులకు ఒక పూట చాలింది, కొత్తగా ఎక్కించడం కంటే అదే నయం.

న్యూజిలాండ్‌లోని ఆష్‌ఫర్డ్, అమెరికాలోని షాక్ట్ వంటి పేరున్న కంపెనీల మగ్గాలు నేను వాడలేదు, దిగుమతి ఖర్చు చూసి ఆగిపోయాను. నా మగ్గం విషయానికొస్తే, వెడల్పు దుప్పట్ల కోసమే అయితే కొనవద్దు. ఆ డబ్బుకు నేతన్నలు నేసిన దుప్పట్లు ఇంటిల్లిపాదికీ వస్తాయి. కుట్టు లేని సంచులు, దిండు గలేబులు నేయాలనుకున్నా, బొమ్మల నేత మీద మోజున్నా కొనవచ్చు, అయితే ఎనిమిది నుంచి పది అంగుళాల వెడల్పుతో మొదలుపెట్టండి. అసలు వాడుక ఆ వెడల్పులోనే గనుక 24 అంగుళాలది కాకుండా 16 అంగుళాల మగ్గం తీసుకున్నా పోయేదేమీ లేదు, ఎక్కించే శ్రమ తగ్గుతుంది కూడా. డబ్బు పంపే ముందు మాత్రం, రెండు హెడిళ్ళనూ ఒకదానిపై ఒకటి పెట్టి కిటికీకి ఎదురుగా పట్టుకుని, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ప్రతి కంటిలోంచీ వెలుతురు కనిపించేలా ఫొటో తీసి పంపమని అడగండి. అలా పంపలేకపోతే రెండో హెడిల్ వాళ్ళ దగ్గర కొనకండి.